తప్పు దరఖాస్తుదారుదా? దరఖాస్తుదా?

ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపడానికి కూర్చున్న తెలుగువారికి తొలి గడిలోనే చిక్కు ఎదురవుతుంది. ఆంగ్లంలోని ‘ఫస్ట్ నేమ్’ను ‘మొదటి పేరు’ అని అనువదించి చూపితే, అక్కడ ఇంటిపేరు రాయడం సహజం. మన సంప్రదాయంలో మొదట వచ్చేది అదే. నందమూరి తారక రామారావు అనే పేరులో ‘నందమూరి’ ఇంటిపేరు. ఆ గడికి కావలసింది మాత్రం ‘తారక రామారావు’. పాశ్చాత్యుల వరుసను యథాతథంగా తెచ్చి మనకు అంటగట్టడం వల్లనే ఈ తికమక.

చిన్న గడి... పెద్ద చిక్కు

ఆధార్‌లో ఒక వరుస, పదో తరగతి ధ్రువపత్రంలో మరో వరుస, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరాలు ఉంటే కంప్యూటర్ వాటిని వేర్వేరు పేర్లుగా భావించవచ్చు. దాంతో విద్యార్థికి ఉపకార వేతనం, వృద్ధులకు పింఛను అందడంలో జాప్యం జరిగే ప్రమాదం ఉంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే చేరి రెండో గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాపై వ్యక్తి పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని ముద్రిస్తారు. పేరు తెలియదని దాని అర్థం.

యూజబిలిటీ అంటే..?

వెబ్‌సైట్‌ను గానీ యాప్‌ను గానీ ఉద్దేశించినవారు తమ పనిని సరిగా, తక్కువ శ్రమతో, సంతృప్తిగా పూర్తిచేయగలగడమే యూజబిలిటీ, అంటే వాడుక సౌలభ్యం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో వెలువరించి, 2018లో సవరించిన 9241-11 ప్రమాణం సారాంశం ఇదే. ఈ కొలతతో చూస్తే, పదిమంది ఒకేచోట ఒకే పొరపాటు చేస్తున్నప్పుడు సరిదిద్దవలసింది ఆ పదిమందిని కాదు, పేజీని.

పొరపాటు జరిగినప్పుడు ‘వివరాలు చెల్లవు’ అని ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఏ గడిలో తప్పుందో, ఎలా దిద్దాలో చెప్పాలి. అప్పటికే నింపిన మిగతా వివరాలు చెరిగిపోకూడదు.

సుప్రీంకోర్టు ఏమన్నది?

ఇది సౌకర్యానికే పరిమితమైన విషయం కాదు. బ్యాంకు ఖాతాదారుల ధ్రువీకరణలో కెమెరా ముందు కనురెప్పలు ఆర్పాలన్న నిబంధన, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారికి అడ్డుగోడగా నిలిచింది. ఈ వ్యవహారంపై 2025 ఏప్రిల్ 30న తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. ధ్రువీకరణ ప్రక్రియను అందరికీ అందుబాటులోకి తేవాలంటూ 20 ఆదేశాలు జారీ చేసింది.

పరిష్కారం కష్టమేమీ కాదు

అవసరం లేనిచోట పేరును ముక్కలు చేయకుండా ‘పూర్తి పేరు, పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్లు’ అని ఒకే గడి ఇవ్వవచ్చు. రెండు గడులు తప్పనిసరైతే ‘ఇంటిపేరు’, ‘మీ పేరు’ అని తేటతెలుగులో రాస్తే చాలు. పేజీని విడుదల చేసే ముందు అసలు వాడుకరుల చేత నింపించి చూడాలి. ఒక విడతకు ఐదుగురితో పరీక్షించినా లోపాల్లో అధికభాగం బయటపడతాయని ఈ రంగంలో ప్రసిద్ధుడైన జాకబ్ నీల్సన్ 2000లోనే సూచించారు. ఆ ఐదుగురిలో ఒక రైతు, ఒక వృద్ధురాలు ఉంటే మరీ మంచిది. వారికి అర్థమైన దరఖాస్తు అందరికీ అర్థమవుతుంది.