మతిమరుపు వయసుతో వచ్చేదేనా?

తాళంచెవులు పోపులడబ్బాలో పెట్టి ఇల్లంతా వెతికిన రోజు మీకూ ఉండే ఉంటుంది. దానికేం బెంగపడకండి. పనుల హడావిడిలో ఎవరికైనా అంతే! కాని నలభై ఏళ్ళుగా కాచిన చారు ఎలా పెట్టాలో తోచక పొయ్యిముందు నిలబడిపోయినా, రోజూ వెళ్ళే గుడినుంచి ఇంటిదారి తెలియకపోయినా అది వట్టి మరుపు కాదు. "పెద్దతనం, చాదస్తం" అని తోసెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్ లోపంవల్లా, బి-12 విటమిన్ తగ్గడంవల్లా కూడా జ్ఞాపకశక్తి మందగించవచ్చు. రక్తపరీక్షలో అది బయటపడితే మందులతో కుదుటపడే అవకాశముంది.

మెదడు కణాలు క్షీణించి వచ్చే డిమెన్షియాను పూర్తిగా నయంచేసే మందు ఇంకా లేదు. అయితే ముందుగా జాగ్రత్తపడవచ్చు. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల సంఘం 14 కారణాలను ఎంచి, వాటిని తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా కట్టింది. వాటిలో చాలావరకు మన ఇంటి సంగతులే.

మొదటిది రక్తపోటు. అది మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. మనిషికి రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే ఓ చిన్న చెంచాడు, మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కూడా ఆ లెక్కలోవే! ఇంట్లోవాళ్ళందరికీ బి.పి., షుగరు చూపించి మీ సంగతి మరిచిపోకండి.

"ఇంటి చాకిరీ చాలదా, మళ్ళీ నడక కూడానా?" అంటారేమో. ఇంటిపనీ మంచిదే. దానికితోడు కాస్త చురుగ్గా నడవాలి. వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకో అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే చాలు.

ఇంకొకటి వినికిడి. మా అత్తగారికి చెవులు మందగించినప్పుడు మేమంతా ఆవిడతో మాటలు తగ్గించేశాం. ఆవిడ ఓ మూల కూర్చుంటే "పాపం, శాంతంగా ఉన్నారు" అనుకున్నాం. చెవికి మిషను పెట్టించాక చూడాలి, వంటింట్లో నా సణుగుడుకు సావిట్లోంచి జవాబు చెప్పడం మొదలుపెట్టారు! మాట వినబడకపోతే మెదడుకు పని తగ్గుతుంది, మనిషి ఒంటరి అవుతుంది. ఆ రెండూ చేటే.

మరో సంగతి. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితాల్లో, రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువు రానివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. కనక పక్కింటావిడతో వచ్చీరాని హిందీలోనైనా సరే, సిగ్గుపడకుండా మాట్లాడండి.

ఇవాళ సాయంకాలం మీ ఇంట్లో పెద్దావిడ పక్కన ఓ పది నిమిషాలు కూర్చోండి. చెప్పిందే చెప్పినా వినండి. ఆవిడకూ మంచిది, మీకూ మంచిది.