కట్టు వేరు, చారు వేరు

పిల్లలూ! మెత్తగా ఉడికిన కందిపప్పు గిన్నెను కాసేపు కదపకుండా ఉంచి చూడండి. పప్పు అడుక్కి దిగుతుంది, పైన పలచని పచ్చటి నీరు తేరుతుంది. ఆ నీటి పేరు 'కట్టు'. అందులో చింతపండు రసం, ఉప్పు, చారుపొడి వేసి మరిగించి తిరగమోత పెడితే అది 'చారు'. పసిపిల్లలకు అన్నంలో కలిపి పెట్టడానికి తప్ప, కట్టును ఉన్నదున్నట్టుగా ఎవరూ వడ్డించరు. అది వంటకు పునాది. చారు మాత్రం పూర్తయిన వంట.

ఇంగ్లీషు వంట పుస్తకాల్లో కనిపించే స్టాక్, బ్రాత్ అనే మాటలకూ ఇంచుమించు ఇదే తేడా. స్టాక్ కోసం ఎముకలను చాలాసేపు సన్నని మంట మీద మరిగిస్తారు. ఎముకలను అంటి ఉండే కొల్లాజెన్ అనే పదార్థం నీటిలో కరిగి జెలటిన్‌గా మారుతుంది. అందుకే మంచి స్టాక్ చల్లారితే ముంజెలా గడ్డకడుతుంది. బ్రాత్‌లో మాంసం పాలు ఎక్కువ. ఉప్పు, మసాలా వేసి అలాగే తాగుతారు. హైదరాబాద్ పెళ్లి విందుల్లో వేడివేడిగా ఇచ్చే మరగ్ ఈ రెండో రకం. కూరగాయల స్టాక్ ఎంత మరిగినా గడ్డకట్టదు, ఎందుకంటే కూరగాయల్లో కొల్లాజెన్ ఉండదు.

పునాదికి ఉప్పు ఎందుకు వేయరు? ఒక లెక్క చూద్దాం. 1 లీటరు నీటిలో 10 గ్రాముల ఉప్పు వేశామనుకోండి. అది మరిగి మరిగి అర లీటరు అయింది. నీరు ఆవిరైపోయింది కానీ ఉప్పు ఎక్కడికీ పోలేదు. అదే 10 గ్రాములు ఇప్పుడు సగం నీటిలో ఉన్నాయి, అంటే ఉప్పదనం రెట్టింపైంది. అందుకే ఉప్పు చివర, రుచి చూసి వేయాలి. బజారులో దొరికే సూప్ క్యూబుల్లో ఉప్పు ముందే ఉంటుంది. వాటిని వాడితే మళ్లీ ఉప్పు వేసే ముందు రుచి చూడండి.

చింతపండుకూ ఒక సమయం ఉంది. పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు. కాబట్టి ముందు పప్పు ఉడకాలి, తరువాతే పులుపు. మీలో కొందరు లేహ్‌లో ఉండి వచ్చారు కదా! సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో నీరు 100 డిగ్రీల దాకా వెళ్లదు, 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అక్కడ కుక్కర్ లేకుండా పప్పు ఉడికించడం ఓపికకు పరీక్షే.

ఊరు మారినా కొన్ని మాటలు మనతోనే వస్తాయి. బొబ్బట్లకు శనగపప్పు ఉడికించి వార్చిన నీటిని మనం పారబోయం, కట్టు చారు పెట్టుకుంటాం. మహారాష్ట్రలో పూరన్‌పోళీ చేసిన రోజు ఆ నీటితోనే 'కటాచీ ఆమ్టీ' చేస్తారు. అందులోని 'కట్' మన కట్టే. కర్ణాటకలో ఒబ్బట్టు చేసిన రోజు అదే నీటితో సారు కాస్తారు. ఆ 'సారు' మన చారుకు తోబుట్టువు.

కొన్ని మాటలు మాత్రం దారిలో అర్థం మార్చుకుంటాయి. యఖ్నీ పులావులో యఖ్నీ అంటే మాంసం ఉడికిన నీరు, అంటే పునాది. కాశ్మీరులో యఖ్నీ అంటే పెరుగుతో వండిన మాంసం కూర, అంటే పూర్తయిన వంట.

ఈ తేడా తెలియడం మర్యాదకు సంబంధించిన విషయం కూడా. ఒక సూప్‌లో పైకి క్యారెట్, బీన్స్ ముక్కలే కనిపించవచ్చు. దాని పునాది మాత్రం ఎముకల నీరు కావచ్చు. శాకాహారి అయిన స్నేహితుడికి గిన్నె అందించే ముందు "ఇందులో నీరు దేనిది?" అని వండినవారిని అడగండి. మీ ఇంట్లో వండితే అడగకముందే చెప్పండి. వేరువేరు ఇళ్ల డబ్బాలు ఒకే బల్ల మీద తెరుచుకునే మన బడిలో ఈ అలవాటు చాలా అవసరం.

ఈ ఆదివారం పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని ప్రయత్నించండి. రెండు గ్లాసుల పప్పుకట్టులో చిన్న నిమ్మకాయంత చింతపండు పిండిన రసం, చిటికెడు పసుపు, ఒక టమాటా, కొద్దిగా కరివేపాకు వేసి మరిగించండి. ధనియాలు, మిరియాలు, జీలకర్ర దంచిన పొడి ఒక చెంచా, తగినంత ఉప్పు వేయండి. పొంగు రాగానే దించి ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువతో తిరగమోత పెట్టండి. కట్టుకు సమయం ఇవ్వాలి, చారును మాత్రం ఎక్కువసేపు మరిగించకూడదు, ఘుమఘుమ అంతా ఆవిరితో పోతుంది.

ఆ తరువాత మీ క్వార్టర్స్‌లో పక్కింటివారిని ఒక్క ప్రశ్న అడగండి: "పప్పు ఉడికిన నీటిని మీ భాషలో ఏమంటారు?" వచ్చిన మాటను తెలుగు లిపిలో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, పక్కన ఊరి పేరు కూడా వేయండి. మళ్లీ బదిలీ అయినప్పుడు ఆ పుస్తకాన్ని సామాన్ల లారీలో కాదు, మీ బడి సంచిలో పెట్టుకోండి.