మీకు తెలుసా? రాయి ఎంత వేడి చూసిందో కాంతి చెబుతుంది

సూరత్‌లోని బమ్రోలి పవర్‌లూమ్‌ షెడ్లలో పగలూ రాత్రీ మగ్గాలు నడిపే మన తెలుగువాళ్లకు వస్తాన్ పేరు పెద్దగా తెలిసి ఉండదు. సూరత్‌కు ఈశాన్యంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న లిగ్నైట్ గని అది. 5 కోట్ల ఏళ్లకు పైబడిన అడవే అక్కడ బొగ్గుగా మారింది. ఆ ప్రాంతపు లిగ్నైట్‌తో నడిచే 500 మెగావాట్ల విద్యుత్ కేంద్రం పక్కనే నానీ నరోలిలో ఉంది.

• ఆ లిగ్నైట్‌లో అంబర్ ముద్దలు దొరుకుతాయి. మన గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన మానుల నుంచి కారిన బంక అది. అందులో చిక్కుకున్న వందలాది పురుగుల వివరాలు 2010లో వెలువడ్డాయి.

• అంక్లేశ్వర్‌లో 1960లో నూనె పడింది. దానికి మూలం కాంబే షేల్ అనే నల్లరాయి. వస్తాన్ లిగ్నైట్ కూడా ఆ రాతి పొరల కుటుంబంలోదే. తేడా అల్లా వేడిలోనే. వస్తాన్ దగ్గర పొర పైపైనే ఉండిపోయింది. నర్మద వైపు అది చాలా లోతుకు దిగింది. లక్షల ఏళ్లపాటు 60 నుంచి 120 డిగ్రీల వేడి తగిలితేనే రాతిలోని జీవపదార్థం నూనెగా మారుతుంది.

• అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టే, రాతిలోని ఒక్క నల్లటి రేణువు చూసి ఆ వేడిని అంచనా కట్టవచ్చు. రేణువును మైక్రోస్కోపు కింద పెట్టి సన్నని లేజర్ వేస్తారు. చెదిరి వచ్చిన కాంతిని గ్రాఫుగా గీస్తే 1350 సెం.మీ⁻¹ దగ్గర ఒకటి, 1600 సెం.మీ⁻¹ దగ్గర ఒకటి, రెండు గుట్టలు కనిపిస్తాయి. వేడి ఎక్కువ చూసిన కొద్దీ రెండో గుట్ట సన్నబడుతుంది, రెండింటి మధ్య ఎడం పెరుగుతుంది. లేజర్ బలం తగ్గించి ఉంచాలి, లేకపోతే ఆ కాంతే రేణువును కాల్చి లెక్క తప్పిస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ జాగ్రత్తే.

• లిగ్నైట్ లాంటి లేత పదార్థం లేజర్ పడగానే తానే వెలుగుతుంది. ఆ వెలుగులో గుట్టలు మునిగిపోతాయి. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి మేలు. ఆ గ్రాఫులో 2850, 2920 సెం.మీ⁻¹ దగ్గర గీతలు బలంగా ఉంటే నూనెనిచ్చే హైడ్రోజన్ ఇంకా మిగిలే ఉందని అర్థం.

• లేజర్ పద్ధతికి మూలమైన కాంతి గుణాన్ని సి.వి.రామన్ 1928 ఫిబ్రవరి 28న కనుగొన్నారు. ఆయన బాల్యం గడిచింది మన విశాఖపట్నంలో. 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసైంది అక్కడే.

• ఇదే రకం లేజర్ పరికరం పర్సివరెన్స్ రోవర్‌తో 2021లో అంగారకుడి మీద దిగింది. అక్కడి రాళ్లలో జీవపదార్థం జాడ వెతకడం దాని పని.

సూరత్ తెలుగు బడుల ఉపాధ్యాయులకు ఒక్క మనవి. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం జరిపేటప్పుడు రామన్ బొమ్మ పక్కన ఒక వస్తాన్ లిగ్నైట్ ముక్క పెట్టండి, పిల్లల్ని చేత్తో పట్టుకుని చూడనివ్వండి.