శుక్లం ముదిరేదాకా ఆగాలా?

"మిరప కోతలు కానీయమ్మా, అప్పుడు చూపించుకుంటా. శుక్లం ఇంకా ముదరలేదుగా!" మా మాచవరంలో అరవై దాటిన ఆడవాళ్లను ఎవరిని కదిలించినా ఇదే మాట. కోతలయ్యాక మనవరాలి పురుడు, ఆ తర్వాత ఎండలు. ఇలా వాయిదా వేస్తే నష్టమేమిటో మా అత్తయ్య ఆపరేషన్‌కి ముందు చేసిన ఒక పరీక్షతో నాకు తెలిసింది.

దాన్ని స్పెక్యులర్ మైక్రోస్కోపీ అంటారు. గడ్డం ఆసరా మీద ఆనించి ఎదురుగా ఉన్న వెలుగును చూడాలి, అంతే. సూది లేదు, నొప్పి లేదు. క్షణాల్లో తెర మీద ఆరు పలకల గళ్లు కనిపించాయి. "తేనెపట్టులా ఉందే అమ్మాయ్!" అన్నారు అత్తయ్య.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. దాని లోపలి వైపున ఒకే ఒక్క వరస కణాలుంటాయి. కార్నియాలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడేసి, దాన్ని తేటగా ఉంచేది ఇవే. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 నుంచి 3,000 ఉంటాయి. వయసుతోపాటు తగ్గుతాయి. పోయినవి మళ్లీ పుట్టవు. పక్క కణాలే సాగి ఆ ఖాళీని పూడుస్తాయి. లెక్క 500 దరిదాపులకు పడితే కార్నియా ఉబ్బి, చూపు మసకబారే ప్రమాదం ఉంది.

శుక్లం ఆపరేషన్‌లో ఎవరికైనా కొన్ని కణాలు పోతాయి. శుక్లం బాగా ముదిరి గట్టిపడితే దాన్ని ముక్కలు చేయడానికి ఫ్యాకో యంత్రం ఎక్కువసేపు పనిచేయాలి. అప్పుడు నష్టమూ ఎక్కువే. ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాట. పనులకు చూపు అడ్డమవుతుంటే డాక్టరుకు చూపించుకోవడమే మంచిది.

ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు. కంటికి దెబ్బ తగిలినా, లోగడ ఆపరేషన్ జరిగినా, పొద్దున లేవగానే చూపు మసగ్గా ఉండి మధ్యాహ్నానికి తేటపడుతున్నా డాక్టరుకు తప్పక చెప్పండి.

కణాలు మరీ తగ్గినవారికి దానమిచ్చిన కళ్లే దిక్కు. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రిలో 1989లో మొదలైన రామాయమ్మ నేత్రనిధిలాంటి చోట్ల, దానంగా వచ్చిన కార్నియాలకూ ఈ కణాల లెక్క చూస్తారు. అందుకే మరణించిన ఆరు గంటల్లోపే కళ్లు సేకరించాలి. శుక్లం ఆపరేషన్ అయినవారూ దానం చేయవచ్చు. మీ కోరికను ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఆ సమయంలో నేత్రనిధికి ఫోన్ చేయాల్సింది వాళ్లే కదా!