ఆకలియు నంతరంగమును

కష్టకాలమున దేవుని నాశ్రయించు పేదవానిని జూచి లోకము మొట్టమొదట నడుగు ప్రశ్న, వీని కిందు లాభమేమి యని. ఈ ప్రశ్న నేటిది గాదు. బైబిలునందలి యోబు చరిత్ర దీనితోడనే యారంభమగుచున్నది. యోబు ఊరకయే భక్తుడై యుండునా, సిరిసంపదలు తొలగిన పిమ్మట నిలుచునా యని అపవాది శంకించును. ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంతనున్న సీతాఫల్‌మండి, తార్నాక వీథులలో ఆదివారమున ఆరాధనకు బోవు కుటుంబములను జూచి, వీరి తాతలు పిడికెడు గింజలకై మతము మారిరని యనువారు నేటికిని గలరు. మెదకులో కరవు దినముల బీదలకు పని గల్పించుచు పాస్నెట్టు దొర కట్టింపగా 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును గూర్చియు నీ మాటయే వినవచ్చును. దీని సత్యాసత్యములు విచారించుటకు మన యాంధ్రదేశమందే యొక నిదర్శనము గలదు.

1876 మొదలు 1878 వఱకు చెన్నపురి రాజధానిని క్షామము దహించెను. ధాత కరవని పెద్దలు చెప్పుకొనునది యిదియే. అప్పుడు ఒంగోలునందు అమెరికా బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర, సర్కారువారు త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడు మైళ్ళకు పైబడిన భాగమును కంట్రాక్టుగా గైకొని, వేలకొలది జనులకు కూలియు కూడును సమకూర్చెను. వారిలో ననేకులు మాదిగలు. బాప్తిస్మ మిమ్మని వారు కోరగా నాతడు ఏడాదికి మించి నిరాకరించెను. తిండికై వచ్చినవా రెవరో, నమ్మి వచ్చినవా రెవరో తెలియరాదని యాతని భయము.

1878లో వానలు గురిసి, సహాయపు పనులు ముగిసెను. ఇక నిచ్చుటకు ధనము లేదని తెలిపినను జనులు మరలిపోలేదు. తమకు సాయ మక్కరలేదనియు, పాటుపడి బ్రతుకుచున్నామనుటకు తమ చేతుల బొబ్బలే సాక్ష్యమనియు వారు విన్నవించినట్లు క్లౌ దొర వ్రాసియున్నాడు. ఆ యేడు జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను.

అదే కరవులో సర్కారువారును మనుజుల యంతరంగమును శోధింప బూనిరి. సోమరులు సహాయమును దుర్వినియోగము చేయుదురను శంకతో, వ్యయము దగ్గింపవలెనను తలంపుతో, రిచర్డు టెంపుల్ దొర 1877లో పనివాని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును కొలదిపాటి పైకమునకును గుదించెను. కాయకష్టము చేయువాని కది చాలదని చెన్నపురి ఆరోగ్యాధికారి కార్నిషు వైద్యుడు నిరసించెను. రెండు పరీక్షల భేదమును పాఠకులు గమనింపవలెను. క్లౌ దొర యన్నము పెట్టి బాప్తిస్మము నాపెను. టెంపుల్ దొర యన్నమునే తగ్గించి యాకలిని పరీక్షించెను. మొదటిదానిలో నోడినవాడు ప్రాణముతో నింటికి బోవును. రెండవదానిలో నోడినవానికి గతి యేది?

అయినను క్లౌ దొర పరీక్షయు సంపూర్ణమైనది గాదు. కాలువ గట్టున కూలి నిచ్చినవారే బోధయు జేసిరి గదా. కృతజ్ఞత యెచ్చట ముగిసినదో, విశ్వాస మెచ్చట మొదలైనదో నిర్ణయించు త్రాసు మానవుని చేత లేదు. కాని యా మతమునందు చేరినవారు కోల్పోయినదియు గలదు. ఆదివారమున పని మానవలెను, చచ్చిన పశువుల మాంసము విడువవలెను, గ్రామదేవతల కొలువులు మానవలెనని నియమములు. వీనిని పాటించిన మాదిగకు గ్రామపెద్దల యాగ్రహమును, జీవనమునకు భంగమును దప్పలేదు. కేవలము లాభాపేక్షతో వచ్చినవాడు ఇంత నష్టమునకు నిలుచుట యరుదు.

ఫలాపేక్ష లేని కర్మ మెంత దుర్లభమో గీత చదివిన మన మెఱుగనిది గాదు. సత్రము కట్టించువాడు కీర్తిని గోరును, నోము నోచునామె సంతానమును గోరును. అంతమాత్రమున వారి భక్తి బూటకమని మన మనము. పేదవాని మ్రొక్కునందు మాత్రము గింజలను లెక్కించుట యేమి న్యాయము? హృదయము మోసకరమైనదని యిర్మీయా ప్రవక్త చెప్పినది ఆకలిగొన్న హృదయమును గూర్చియే గాదు. యోబు బూడిదలో గూర్చుండగా, నీవేదో రహస్యపాపము చేసియుందువని స్నేహితులు తర్కించిరి. కడపట దేవుడు మందలించినది వారినే. కరవునాడు గాదెలో ధాన్యమున్న గృహస్థుడు వాకిట నిలిచినవాని యుద్దేశమును విచారించుటకు ముందు, తాను తలుపు మూయుటకును తెఱచుటకును గల హేతువేమో తన్ను దా నడుగవలెను.