ఓడిన రాజు, ఆగిన గుర్రం

ఆత్మకూరు, ఉదయగిరి సీమల గతం చెప్పేటప్పుడు పల్లవులు, చాళుక్యులే ముందుకొస్తారు. పృథివీవ్యాఘ్రుడి పేరు వినబడదు. కొందరు చరిత్రకారులు నెల్లూరు ప్రాంతపు బోయ రాజుగా భావించే ఈ 8వ శతాబ్దపు నిషాదపతి ఊసు శత్రువులు వేయించిన ఉదయేంద్రం తామ్రశాసనంలో ఉంది. అశ్వమేధపు గుర్రం వెంట సాగుతున్న ఇతణ్ణి నందివర్మ పల్లవమల్లుడి సేనాని ఉదయచంద్రుడు ఓడించి, చాళుక్య రాజు విష్ణురాజు సీమ నుంచి వెళ్లగొట్టాడట. ముత్యాల హారాలు, బంగారు రాశి, ఏనుగులు పట్టుకున్నాడట.

నా దృష్టిలో ఇతడు ఉత్త అడవిదొర కాడు, సార్వభౌమత్వం కోరిన రాజు. సామంతుడు తలపెట్టే యాగం కాదది. సేనాని గొప్ప కోసం శత్రువును పెంచి రాశారనవచ్చు. ఏనుగుల లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ నిషాదుడని ఎత్తిచూపిన కవి, రాజులకే చెల్లే యాగాన్ని అతనికి ఊరికే కట్టబెట్టడు. నెల్లూరు చరిత్ర రాసేవారు ఇతనికి ఒక అధ్యాయం ఇవ్వాలి.