ముచ్చటైన కారు – మంచి చెడ్డలు

కారు సంగతి ఆడవాళ్ల ప్రసంగంలోకి ఎందుకొచ్చిందా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ మన పాతబస్తీ ఇళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. శాలిబండ, లాల్ దర్వాజా, గౌలిపురా, అలీజా కోట్లా వైపు పాతకాలపు ఇళ్లలో, వాకిలి దాటి లోపలికి వెళితే నీడపట్టున దుప్పటి కప్పి ఒక కారు అక్కడక్కడా కనబడుతుంది. మామగారు కొన్నదో, తాతగారు నడిపినదో అయివుంటుంది. దానికి బ్యాటరీ కొన్న డబ్బూ, మెకానిక్కు చేతిలో పెట్టిన డబ్బూ ఇంటి పద్దులోంచే పోతుంది. "ఉంచుదామా, ఇచ్చేద్దామా" అని వాదన లేచినప్పుడు ఆఖరి మాటకు అందరూ మన మొహమే చూస్తారు. ఆ మాట చెప్పేముందు బండి సంగతి కాస్త తెలిసివుంటే మంచిది గదా!

ఇవాళ నేను చెప్పబోయేది స్టాండర్డ్ హెరాల్డు కారు గురించి. 1960లలో, 70లలో మన దేశంలో ఇంటికారు అంటే మూడే మూడు: అంబాసిడరు, ఫియటు, హెరాల్డు. మొదటి రెండూ పెద్దమనుషుల్లాంటివి. హెరాల్డు మాత్రం కుర్రకారు బండి. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డు అనే పేరుతో వచ్చింది. దాని రూపు దిద్దినవాడు మికెలోట్టి అనే ఇటలీ దేశస్థుడు. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు మనకోసం తయారు చేశారు. మొదట్లో రెండే తలుపులు, నేలకు దగ్గరగా కూర్చునే సీట్లు, చేయి ఆడించగానే తిరిగే స్టీరింగు. ఇదే చట్రాన్ని పొట్టిచేసి 1962లో ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల పందెపు తరహా కారు చేశారంటే, దీని వంశం ఎలాంటిదో ఊహించుకోండి. ఇంజను మాత్రం 948 సి.సి.యే. కాబట్టి పరుగు కన్నా షోకు ఎక్కువ అనాలి.

ఆ షోకు మాట అలా ఉంచి, పాతబస్తీకి ఈ బండి ఎంత అనువైనదో చెబుతాను. హెరాల్డు 25 అడుగుల వలయంలో చుట్టూ తిరిగేస్తుంది. లండను టాక్సీలకు నియమంగా పెట్టిన కొలత కూడా 25 అడుగులే. ఒక పక్క తోపుడు బండి, మరో పక్క అరుగు ఉన్న మన గల్లీలో అంబాసిడరును వెనక్కీ ముందుకూ లాగి లాగి తిప్పవలసినచోట, ఇది ఒక్క ఊపున తిరిగి బయటపడుతుంది. ఇంకో సుఖం బానెట్టు. ముందు మడ్‌గార్డులతో సహా మొత్తం ముఖమంతా పెట్టె మూతలాగా ముందుకు వాలిపోతుంది. మెకానిక్కు ముందు చక్రం మీద కూర్చుని, వంటింట్లో స్టవ్వు ముందు కూర్చున్నంత తీరికగా పని చేసుకోవచ్చు. హెరాల్డు ఉన్నవారు నేటికీ దాన్ని వదలలేకపోవడానికి ఈ రెండే ముఖ్యమైన కారణాలని నా ఉద్దేశం.

సరే, మెచ్చుకోలు అయింది. ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని కాస్త శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఇది డబ్బుతో పోయే వ్యవహారం కాదు.

ముందు చక్రాలు రెండింటి దగ్గరా, అడుగున, ట్రనియన్ అనే ఇత్తడి జాతి లోహపు ముక్క ఒకటి ఉంటుంది. చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ కింది కొన దాంట్లో మరలాగా బిగించి ఉంటుంది, మర మూత జాడీకి బిగించినట్టు. మనం స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ ఆ మరలోనే అటూ ఇటూ తిరుగుతుంది. బండి ముందు బరువు దాని మీదే. ఈ మరకు కావలసింది నూనె, గ్రీజు కాదు. కుట్టుమిషను ఉన్న ప్రతి ఇల్లాలికీ ఈ తేడా తెలుసు. మిషనుకు చుక్క నూనె వేస్తాం గాని గ్రీజు కుక్కుతామా? సన్నటి సందుల్లోకి నూనె పాకుతుంది. గ్రీజు ఒకచోట ముద్దగా కూర్చుని, కొన్నాళ్లకు ఎండి గట్టిపడుతుంది.

చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, మెకానిక్కులకు కారు కింద ఏ కీలు కనబడినా గ్రీజు గన్ను పట్టుకెళ్లడం అలవాటు. "అంతా గ్రీజు కొట్టేసినం అమ్మా, ఇంక ఫికరు లేదు" అంటారు. వారిది చెడ్డ ఉద్దేశం కాదు. అంబాసిడరుకు, ఫియటుకు చేసినట్టే దీనికీ చేశారు. కానీ గ్రీజు అందని చోట మర పొడిగా ఉండిపోతుంది. వానాకాలంలో నీళ్లు చేరతాయి. ఉక్కు తుప్పు పట్టి లోలోపలే సన్నబడుతుంది. పైకి ఏమీ కనబడదు. ఒకరోజు స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు ఆ కడ్డీ పుటుక్కున విరుగుతుంది, చక్రం పక్కకు పడుకుంటుంది. తరచు ఇలా జరిగేది మెల్లగా మలుపు తిరిగేటప్పుడే కాబట్టి మనుషులు బతికి బయటపడతారు. అదే రోడ్డుమీద వేగంగా పోతున్నప్పుడు అయితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. గల్లీల్లో స్టీరింగును పూర్తిగా తిప్పవలసిన అవసరం మనకు రోజుకు ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోండి.

దీనికి చేయవలసింది చాలా చిన్న పని. ట్రనియనుకు ఉన్న చిన్న మర బిరడా విప్పి, అక్కడ నిప్పిల్ బిగించి, గన్నులో గ్రీజుకు బదులు 90 నంబరు గేరు నూనె నింపి, పాత మురికి పోయి కొత్త నూనె బయటికి ఊరేదాకా కొట్టించాలి. వానలు మొదలయ్యేముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చేయిస్తే మన దుమ్ముకూ బురదకూ సరిపోతుంది. ఆ పని జరిగేటప్పుడు దగ్గర నిలబడి చూడండి, మొహమాటపడకండి. ఇదివరకు ఏళ్లతరబడి గ్రీజే పెట్టిన బండి అయితే నూనె కొట్టించినంతమాత్రాన చాలదు. కడ్డీని విప్పించి మరలు తుడిపించి చూడాలి, గుంటలు పడివుంటే మార్పించాలి. స్టీరింగు బరువెక్కినా, మలుపు తిరిగాక తనంతట తాను నేరుగా రాకపోయినా ముందుగా అనుమానించవలసింది ఇక్కడే.

రెండో సంగతి వెనుక చక్రాలది. మిగతా కార్లలో రెండు వెనుక చక్రాలనూ కలుపుతూ గట్టి ఇరుసు ఒకటే ఉండేది. హెరాల్డులో ఇరుసు రెండు ముక్కలు. నడిమి పెట్టె దగ్గర తలుపు బందులాగా కీలు పెట్టి, చక్రం దానికదే పైకీ కిందికీ ఊగేట్టు చేశారు. వాటి మీద అడ్డంగా ఒకటే కమాను కట్ట. గుంటల రోడ్డు మీద ఇది హాయిగానే ఉంటుంది. కానీ వేగంగా మలుపు తిరుగుతూ మధ్యలో కంగారుపడి యాక్సిలరేటరు వదిలేసినా, బ్రేకు తొక్కినా, వెనుక భాగం పైకి లేచి చక్రం లోపలికి మడతపడినట్టవుతుంది. బండి తోక జారుతుంది. అంచేత ఇంట్లో కుర్రవాడు ఈ బండి తీస్తానంటే మీరు చెప్పవలసిన మాట ఒకటే: నాయనా, వేగం మలుపుకు ముందే తగ్గించు, మలుపులో కాదు. మన కొనుగోలుదార్లకూ మెకానిక్కులకూ ఈ ఏర్పాటు నచ్చక, 1970ల మొదట్లో వచ్చిన గెజల్ అనే తర్వాతి కారులో కంపెనీవారు మామూలు గట్టి ఇరుసే పెట్టారు. ఆ గెజల్ కూడా 1977తో ఆగిపోయింది.

పెళ్లి సామాను, బిందెలు, పిల్లలు, మరో ఇద్దరు చుట్టాలు... ఇలా ఎక్కించే అలవాటు మనకు ఉంది గదా. ఈ కమాను కట్టకు అది పడదు. ఖాళీ బండిని వెనుకనుంచి చూడండి. చక్రాల పైభాగాలు లోపలికి వాలి ఉంటే కమాను అలిసిపోయిందన్నమాట. టైరు లోపలి అంచు ముందుగా అరిగిపోతుంది. ఆ అంచు మనకు కనబడదు, అదే ప్రమాదం. చేయి పెట్టి తడిమి చూడవలసిందే.

తుప్పు మాట. ఈ బండికి కింద వేరే చట్రం, దానిమీద ఒళ్లు ముక్కలు ముక్కలుగా బిగించి ఉంటుంది. ఒక ముక్క పాడైతే దాన్నే విప్పుకోవచ్చునన్నది మంచి. అతుకుల్లోంచి నీళ్లు దిగుతాయన్నది చెడ్డ. చట్రం నుంచి పక్కలకు చాచిన చేతుల్లాంటి భాగాలు బురద పట్టి ముందుగా తింటాయి. 2020 అక్టోబరులో వానలకు పాతబస్తీ కాలనీల్లో కార్లు పడవల్లా కొట్టుకుపోయిన దృశ్యం ఎవరూ మరచిపోలేదు. హెరాల్డే కాదు, ఏ కారైనా నీళ్లలో నిలిచిందంటే, నీరు తీయగానే "స్టార్టు అవుతుందేమో చూద్దాం" అనకండి, అననివ్వకండి. ఇంజనులోకి నీరు చేరివుంటే ఆ ఒక్క తిప్పుతో లోపలి కడ్డీలు వంగిపోతాయి. ముందు బ్యాటరీ తీగ విప్పించాలి. తర్వాత నూనె తీయించి చూడాలి. అది పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు కలిసిందన్నమాట. ఇంజనులోదే కాదు, గేరుపెట్టెలోదీ వెనుక ఇరుసు పెట్టెలోదీ కూడా చూడాలి.

కదలని బండి చెడదు అనుకుంటారు చాలామంది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవారు అక్కడ పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో తెప్పించమన్నారు, ఆ ఏడే ఆయన పోయారు, బండి తర్వాత వచ్చింది. దర్బారు ఊరేగింపులకు తప్ప బయటికి తీసినది కాదు. అంత తక్కువ తిరిగిన బండిని కూడా బాగుచేయించాకే జనానికి చూపించారు. నిలబడిన బండికి బ్రేకు సిలిండర్లు బిగుసుకుంటాయి, పెట్రోలు జిగురవుతుంది, టైర్లు ఒకచోటే నొక్కుకుని పగుళ్లు వేస్తాయి. ఎలుకలు తీగలు కొరుకుతాయి. వారానికోసారి అయిదు నిమిషాలు ఇంజను తిప్పి ఆపేయడం దీనికి మందు కాదు, ఒకరకంగా కీడే. లోపల చేరిన తేమ ఆరేంత వేడెక్కదు, బ్యాటరీ నుంచి పోయినది తిరిగి నిండదు. ఈ కార్లకు ఉన్న పాతరకం డైనమో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కరెంటు సరిగా ఇవ్వదు కూడా. తీస్తే పొద్దున్నే, బజారు తెరవకముందు, నయాపూల్ మీదుగా నాలుగైదు మైళ్లు తిప్పి తీసుకురావాలి. వేడి ముల్లు తన చోటికి చేరి స్థిరపడాలి. మిట్టమధ్యాహ్నం పత్తర్‌గట్టి రద్దీలో ఇరికిస్తే మాత్రం రేడియేటరు ఉడికిపోతుంది.

పెట్రోలు విషయం కూడా మారింది. 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పాత ఇంజన్లలో వాల్వులు కూర్చునే చోట్లను ఆ సీసం కాపాడేది. మెల్లగా, కొద్దిగా నడిపే బండికి దీనితో పెద్ద భయం లేదంటాను. భయపడవలసింది ఇథనాలుకు. 2025 నాటికి మన పెట్రోలులో దాదాపు 20 శాతం అదే. పాత రబ్బరు గొట్టాలను అది మెత్తబరచి పగులగొడుతుంది. ఇంజను దగ్గర పెట్రోలు చెమ్మగిలితే ఏమవుతుందో గ్యాసు పొయ్యి వాడే మనకు వేరే చెప్పాలా? గొట్టాలన్నీ కొత్తరకం పెట్రోలుకు తట్టుకునేవి వేయించండి. పొద్దున వాకిట్లో పెట్రోలు వాసన వస్తే బండి తీయనివ్వకండి.

ఇక సామాన్ల సంగతి. స్పిట్‌ఫైర్ పుణ్యమా అని ఇంజను, ముందు చక్రాల భాగాలు ఇంగ్లండులో నేటికీ కొత్తగా చేస్తున్నారు, తెప్పించుకోవచ్చు. మన దేశంలోనే చేసిన నాలుగు తలుపుల హెరాల్డు ఉందే, దాని వెనుక తలుపులు, అద్దాలు, వాటి రబ్బర్లు మాత్రం అక్కడ దొరకవు. అవి పగిలితే రాణిగంజ్‌లో, పాత సామాన్ల దుకాణాల్లో వెతుక్కోవలసిందే. ఇంకొక చిన్న మాట: ఈ బండి బోల్టులు అంగుళాల లెక్కవి. అర అంగుళం బోల్టుకు 13 మిల్లీమీటర్ల పానా దాదాపు పట్టినట్టే ఉంటుంది, కానీ తిప్పి తిప్పి మూలలు అరగదీస్తుంది. మెకానిక్కు దగ్గర అంగుళాల పానాలు లేకపోతే ఒక సెట్టు మీరే కొని ఇంట్లో పెట్టుకోండి. పాలపద్దు పుస్తకంలాంటిది ఒకటి బండికీ పెట్టి, ఏ తేదీన నూనె కొట్టించారో, ఏ గొట్టం మార్చారో రాయండి.

కాగితాల మాట చెప్పి ముగిస్తాను. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చట్రమూ ఒళ్లూ ఇంజనూ పెద్దగా మార్చని సొంత బండిని 'వింటేజి' వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, అది 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగింపుకు 5,000. ఇదివరకే నంబరు ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. కూరగాయలకు మీరాలంమండీకి వెళ్లడం కుదరదన్నమాట. నమోదు పుస్తకం ఇంకా మామగారి పేరునే ఉంటే, బండి ఉంచుకున్నా అమ్మినా ముందు అది వారసుల పేరుకు మార్పించండి. కొనేవాడు వచ్చి నిలబడ్డాక వెతుక్కుంటే దొరకని కాగితం అదే.